టూరింగ్ సామాన్లు బిగించాక బైకు మీద మిగిలే సందులు: ఇంట్లోనే నీటుగా సరిచేసే పద్ధతి

క్రాష్ గార్డు, సాడిల్ స్టే (పక్క పెట్టెలు మోసే ఫ్రేము), టాప్ ర్యాక్, పెద్ద విండ్‌స్క్రీన్, ఫాగ్ లైట్లు... వీటిలో ఏది బిగించినా పని అక్కడితో అయిపోదు. గ్రాబ్ రెయిల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ) తీసేసిన చోట రెండు బెజ్జాలు నోరు తెరుచుకుని ఉంటాయి. క్రాష్ గార్డు రాడ్డు కోసం ప్యానెల్ కోస్తే ఆ కోత పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. ర్యాక్ కింద బుష్‌లు (ఎత్తు కోసం బోల్టుకి తొడిగే పొట్టి లోహపు గొట్టాలు) వేయడంతో టెయిల్ ప్యానెల్ దగ్గర వేలు దూరేంత సందు వస్తుంది. బండి నడవడానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు. కానీ చూసినప్పుడల్లా కన్ను అక్కడికే పోతుంది.

చాలామందికి వెంటనే తోచేది ఏదో ఒకటి పెట్టి పూడ్చేయడం. సిలికానో, ఎపాక్సీ ముద్దో, నల్ల టేపో. నాకు ఆ పద్ధతి నచ్చదు. కంపెనీ నుంచి వచ్చిన బండిలోనూ సందులు బోలెడు ఉంటాయి. అంచు తిన్నగా ఉండి, లోపలంతా నల్లగా ఉంటుంది కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు. మనం బిగించిన చోట కంటికి కొట్టేది వంకరటింకర అంచు, లోపలి నుంచి తొంగిచూసే మెరిసే ఇనుము, రంగురంగుల వైర్లు. అందుకని ముందు అంచు దిద్దండి, తర్వాత లోపలి భాగాన్ని నల్లగా చేయండి. అప్పటికీ బాగా లేకపోతేనే మూయండి. మూసినా మళ్లీ విప్పుకునేలా మూయాలి. ఎందుకంటే లోపల బోల్టు బిగించాల్సి వచ్చినా, ర్యాక్ మార్చినా, బండి అమ్మినా అది ఊడి రావాలి.

అన్నిటికంటే ముందు: బోల్టులన్నీ వదులు చేసి మళ్లీ బిగించండి

సగం సందులు నిజానికి బిగింపులో వచ్చిన తేడాలే. ఒక బోల్టు పూర్తిగా టైట్ చేసి రెండోదానికి వెళ్తే బ్రాకెట్టు ఓ పక్కకు లాగేసి నిలబడిపోతుంది. ఆ యాక్సెసరీకి ఉన్న బోల్టులన్నీ చేత్తో తిరిగేంత వదులు చేయండి. వస్తువును దాని చోట కుదురుగా కూర్చోబెట్టి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. చివరి బిగింపు మాత్రం మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, అంటే అక్కడ రాసిన బిగింపు బలానికే. ఎడమ పక్క 4 మి.మీ., కుడి పక్క 10 మి.మీ. ఉన్న సందు ఇలా రెండు పక్కలా 7 అయిపోతే, ఇక మీరు చేయాల్సింది పెద్దగా ఉండదు. రెండు వైపులా సమానంగా ఉన్న సందు తప్పులా కనిపించదు.

ముట్టుకోకూడని సందులు

కొన్ని ఖాళీలు కావాలని వదిలినవి. హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పి చూడండి. హ్యాండ్ గార్డు, ఫోన్ మౌంటు, స్క్రీన్ బ్రాకెట్టు ట్యాంకుకి ఎంత దగ్గరగా వస్తున్నాయో తెలుస్తుంది. ఆ ఖాళీ హ్యాండిల్‌దే, దాన్ని తాకకండి. ముందు మడ్‌గార్డుకీ క్రాష్ గార్డుకీ మధ్య ఖాళీ ఫోర్కు దిగడానికి కావాలి. వెనక టైరు పైన ఖాళీ సస్పెన్షన్‌కి కావాలి. బండి స్టాండు మీద ఉన్నప్పుడు అక్కడ ఎంతో చోటు ఉన్నట్టు కనిపిస్తుంది. వెనక మనిషి, నిండా సామానున్న పెట్టెలు ఎక్కి చక్రం గుంతలో పడితే అందులో ఎంత మిగులుతుందో ఊహించుకోండి.

రేడియేటరు, ఆయిల్ కూలరు, ఇంజిన్ రెక్కల చుట్టూ ఉన్నవి గాలి దారులు. ప్యానెళ్ల అడుగున, టెయిల్ లైటు కింద కనిపించే చిన్న చిన్న బెజ్జాలు నీళ్లు కారిపోవడానికి. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం, ఇంజిన్ బ్రీతర్ గొట్టం చివరలు ఎక్కడున్నాయో చూసుకుని వాటి జోలికి పోకండి. ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు, నంబరు ప్లేటు ఏ కవరు వల్లా మరుగున పడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక విండ్‌స్క్రీన్ అడుగున ఉండే సందు. అందరికీ మూయాలనిపించేది, మూస్తే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. బండి వేగంగా పోతున్నప్పుడు స్క్రీన్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీలోకి పై నుంచి గాలి సుడులు తిరుగుతూ దిగి హెల్మెట్‌ని కొడుతుంది. అడుగు సందులోంచి కొంత గాలి వస్తే ఈ తేడా తగ్గుతుంది. ఫోమ్ పెట్టి దాన్ని మూసేస్తే ముందు నుంచి చూడ్డానికి బాగుంటుంది గానీ, కాస్త వేగం పెరిగేసరికి తల ఊగడం మొదలవ్వచ్చు. మూయాలనే ఉంటే మాస్కింగ్ టేపు వేసి ఒకసారి నడిపి చూసి నిర్ణయించుకోండి. లేదంటే సందును అలాగే ఉంచి, లోపల కనిపించే బ్రాకెట్టుకి మాట్ బ్లాక్ కొట్టండి. చాలా బళ్లకి అంతకుమించి అవసరం లేదు.

కొలత, ప్లాస్టిక్ రకం

సందు లోతుగా ఉంటే స్కేలు దూరదు. పిల్లలు ఆడుకునే క్లే ముద్దను పల్చని పాలిథిన్ కవరులో చుట్టి సందులోకి నొక్కండి. మెల్లగా బయటికి లాగి, బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. ఇలా సందు మొదట్లో, మధ్యలో, చివర్లో తీసుకోవాలి. ఏ సందూ అంతటా ఒకేలా ఉండదు. సాడిల్ స్టే, ర్యాక్ దగ్గరైతే పెట్టెల్లో బరువు పెట్టి, సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. బరువుతో సందు తగ్గుతుంటే అందులో గట్టి వస్తువు పెట్టడానికి లేదు, మెత్తని రబ్బరు ఒక్కటే కుదురుతుంది.

తర్వాత ప్యానెల్ విప్పి వెనక తిప్పండి. అచ్చులోనే ఏబీఎస్ అనో, పీపీ (పాలిప్రొపిలీన్) అనో గుర్తు పోసి ఉంటుంది. ఇది బ్రేకుల ఏబీఎస్ కాదు, ప్లాస్టిక్ పేరు. పెయింటు వేసిన ప్యానెళ్లు ఎక్కువగా ఏబీఎస్‌వి. రంగు వేయని నల్లటి లోపలి భాగాలు, మడ్‌గార్డు లైనర్లు తరచూ పీపీవి. గుర్తు కనబడకపోతే లోపలి మూల మీద దూదితో ఒక్క చుక్క అసిటోన్ రాయండి. ఏబీఎస్ అయితే జిగురుగా మారుతుంది, పీపీకి ఏమీ కాదు. ఈ తేడా తెలియకపోతే తర్వాతి పనంతా వృథా. ఏబీఎస్‌కి జిగురు, పుట్టీ, పెయింటు అన్నీ పట్టుకుంటాయి. పీపీ మైనంలా జారుడు, దాని మీద మామూలు జిగుర్లు నిలవవు. అక్కడ బోల్టు, క్లిప్పు, కేబుల్ టై లాంటివే దారి.

పాలికార్బొనేట్ విండ్‌స్క్రీన్‌కి పెట్రోలు, అసిటోన్, థిన్నర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఏవీ తగలనివ్వకండి. వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. బోల్టులు వదులవకుండా మరలకు వేసే థ్రెడ్ లాకర్ ద్రవం కూడా అంతే, ఏబీఎస్‌కీ పాలికార్బొనేట్‌కీ అది పడదు. ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉండే బోల్టులకి నైలాన్ లాక్ నట్లు వాడండి.

కోసిన అంచును దిద్దడం

ఇక్కడ తొందర పనికిరాదు. కావాల్సిన గీత వెంట మాస్కింగ్ టేపు అంటించండి, గీత తిన్నగా వస్తుంది, పెయింటుకి గాట్లు పడవు. కోత లోపలి మూల పదునుగా, లంబకోణంలో ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి మూలలో 5 మి.మీ. డ్రిల్లు వేసి గుండ్రంగా చేయండి. తర్వాత సన్న ఆకురాయితో ఒకే దిక్కుకి రాయండి, ముందుకీ వెనక్కీ రాస్తే ప్లాస్టిక్ నూగులా లేస్తుంది. 240, 400, 600 నంబరు ఎమ్రీ పేపర్లు వరసగా. చివరిది నీళ్లు తడిపి రుద్దాలి. ప్యానెల్ నల్ల ప్లాస్టిక్ అయితే చాలాసార్లు పని ఇక్కడికే అయిపోతుంది.

ఇంకా నీటుగా కావాలంటే రబ్బరు బీడింగ్. ‘యు’ ఆకారంలో ఉండి లోపల ఇనుప క్లిప్పులున్న రకమైతే జిగురు లేకుండానే పట్టుకుంటుంది. బీడింగ్ కొనేటప్పుడు అది ఎంత మందం ప్యానెల్‌కి సరిపోతుందో చూడండి. 1 నుంచి 2 మి.మీ. కోసం చేసినదాన్ని 3 మి.మీ. అంచుకి తొడిగితే నోరు తెరుచుకుంటుంది. అతుకు కింది వైపు వచ్చేలా అడుగు నుంచి మొదలుపెట్టండి. సాగదీస్తూ తొడగకండి, కొన్నాళ్లకి అది వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర ఖాళీ వస్తుంది. ఒంపు మరీ చిన్నదైతే బీడింగ్ లోపలి పెదవిలో ‘వి’ ఆకారపు గాటు పెడితే చక్కగా తిరుగుతుంది.

బీడింగ్ దొరక్కపోతే చేపల తొట్టికి గాలి పంపే సన్న గొట్టం బాగానే పనిచేస్తుంది. దాన్ని పొడవునా తిన్నగా చీల్చడమే కష్టం, చేత్తో కోస్తే పాములా వంకర పోతుంది. ఒక చెక్కముక్కకి గొట్టం పట్టేంత బెజ్జం వేసి, బ్లేడు మొన ఆ బెజ్జంలోకి సగం వచ్చేలా పక్కనుంచి గట్టిగా బిగించండి. గొట్టాన్ని ఒక చివర్నుంచి దూర్చి రెండో పక్క నుంచి లాగుతూ పోతే ఒకే గీతలా చీలుతుంది. వేళ్లు బ్లేడు వైపు రాకుండా పట్టకారుతో లాగండి. పారదర్శకంగా ఉండే గొట్టం ఎండకి పసుపు పడుతుంది, నల్లదే తీసుకోండి.

ఖాళీగా మిగిలిన బెజ్జాలు

మరలున్న బెజ్జమైతే పని సులువు. చాలామటుకు ఎం6, ఎం8 (6, 8 మి.మీ. వ్యాసం) సైజులే ఉంటాయి. గుండ్రటి తల ఉన్న పొట్టి బోల్టు, కింద నైలాన్ వాషరు, మరలకి కొంచెం గ్రీజు. అల్యూమినియంలో స్టీలు బోల్టు వేస్తుంటే ఈ గ్రీజు తప్పనిసరి, లేకపోతే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. బోల్టు అసలుదానికంటే పొడుగు కాకూడదు. వెనక వైరో గొట్టమో ఉండొచ్చు. అద్దం తీసేసిన చోట మరలు ఎక్కువగా ఎం10, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.25 మి.మీ. ఉంటాయి. కొన్ని బళ్లలో కుడి పక్క ఎడమ మర ఉంటుంది, అంటే ఎడమకి తిప్పితే బిగుస్తుంది. వేళ్లతో రెండు చుట్లు తేలిగ్గా పోకపోతే స్పానరు పెట్టకండి.

మర లేని బెజ్జానికి రబ్బరు బ్లైండ్ గ్రోమెట్, అంటే మధ్యలో రంధ్రం లేని రబ్బరు మూత. బెజ్జం వ్యాసం, ప్యానెల్ మందం రెండూ కొలిచి తీసుకోవాలి. సైజు దొరకకపోతే పాత ట్యూబు ముక్కల్లోంచి రెండు బిళ్లలు కోయండి, ఒకటి ప్యానెల్ బయటికి, ఒకటి లోపలికి. మధ్యలో సన్న బోల్టు, రెండు వైపులా వాషర్లు. బిగించగానే రబ్బరు వ్యాకోచించి అంచుకి అదుముకుంటుంది. ట్యూబు రబ్బరు ఎండకీ వానకీ తట్టుకుంటుంది గానీ పెట్రోలు, ఆయిలు తగిలితే ఉబ్బుతుంది. ట్యాంకు మూత కింద, చైను దగ్గర దాన్ని వాడకండి.

కవరు ప్లేటు తయారీ

సందు పెద్దదై, ఆకారం అడ్డదిడ్డంగా ఉంటే ఒక ప్లేటు చేసి కప్పడం మేలు. ముందు బిస్కెట్ డబ్బా అట్టతో నమూనా. అట్టను సందు మీద పెట్టి, అంచుల వెంట వేలితో గట్టిగా రుద్దితే గీత అచ్చు పడుతుంది. ఆ గీతకి బయట చుట్టూ 6 నుంచి 8 మి.మీ. అదనంగా వదిలి కోయండి, కవరు అంచును అంతమేర కప్పాలి. బండి మీద టేపుతో అంటించి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ప్లేటు గీతలు పక్క ప్యానెల్ గీతలకి సమాంతరంగా ఉంటే అది బండితో పాటే వచ్చినట్టు ఉంటుంది, లేకపోతే ఎంత బాగా చేసినా అతికించినట్టే ఉంటుంది. ఈ దశలో అట్ట ఎన్నిసార్లు మార్చినా పోయేదేమీ లేదు.

ప్లేటుకి 2 మి.మీ. ఏబీఎస్ షీటు మంచిది. ఇంట్లో ఉన్నదాంతోనే కానివ్వాలంటే పాత పీవీసీ నీళ్ల పైపు ముక్క చాలు. పైపును పొడవునా కోసి, మరుగుతున్న నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మందపాటి గ్లవ్స్‌తో పట్టుకుని విప్పి, రెండు చదును చెక్కల మధ్య బరువు పెట్టి చల్లారనిస్తే షీటు తయారు. వంపులు కావాల్సిన చోట మళ్లీ వేడి నీళ్లు పోసి, అదే ఆకారంలో ఉన్న వస్తువు మీద అదిమి పట్టండి. పీవీసీ 80 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది కాబట్టి ఇదంతా సాధ్యం. అదే కారణంగా ఇంజిన్, సైలెన్సరు దగ్గర దీన్ని పెట్టకూడదు. మంట మీద కాల్చి వంచడం మాత్రం అసలు వద్దు, పీవీసీ కాలితే వచ్చే పొగ విషం. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటాకే వంగుతుంది, దానికి మరిగే నీళ్లు చాలవు, హీట్ గన్ కావాలి. త్రీడీ ప్రింటు చేయించుకునేవాళ్లు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వద్దనండి. 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన నల్ల ప్లేటు ఒంగిపోవడానికి అది చాలు. ఏఎస్‌ఏ అనే ప్లాస్టిక్ అయితే వేడికీ ఎండకీ ఆగుతుంది.

బిగించడంలో ఒక నియమం మర్చిపోవద్దు. కవరును కదిలే భాగానికీ కదలని భాగానికీ రెంటికీ కలిపి బిగించకూడదు. ర్యాక్ ఊగుతుంది, టెయిల్ ప్యానెల్ ఊగదు. రెండింటికీ బోల్టు వేస్తే కొద్ది రోజుల్లో కవరైనా పగులుతుంది, ప్యానెలైనా పగులుతుంది. ఒక పక్క బిగించి, రెండో పక్క అంచుకి పల్చని ఫోమ్ అంటించి ఊరికే ఆనించి వదిలేయండి. బోల్టు బెజ్జాలు గుండ్రంగా కాక కొంచెం పొడుగ్గా చేస్తే సర్దుకోవడానికి వీలుంటుంది.

తేలికైన ప్లేటు అయితే బోల్టు లేకుండా వీహెచ్‌బీ లాంటి గట్టి రెండు వైపుల టేపు సరిపోతుంది. రెండు తలాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంటించి, గట్టిగా అదమండి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అంటించిన సాయంత్రమే బండి కడిగి, టేపు మంచిది కాదనుకుంటే లాభం లేదు. పీపీ మీద ఈ టేపు కూడా ప్రైమర్ లేకుండా సరిగ్గా పట్టదు.

సందులో నింపాల్సి వస్తే

ఫోమ్‌లో రెండు రకాలు. స్పాంజిలా నీళ్లు పీల్చేది, పీల్చనిది. తేడా తెలియాలంటే చిన్న ముక్క నీళ్లలో పిండి వదలండి. బరువెక్కితే పక్కన పెట్టేయండి, అది తడిని పట్టి ఉంచి ఫ్రేముకి తుప్పు తెస్తుంది. పీల్చని ఈపీడీఎం రబ్బరు ఫోమ్ సరైనది. 8 మి.మీ. సందుకి 10 నుంచి 12 మి.మీ. ఫోమ్ తీసుకుంటే అదిమినప్పుడు తనంతట తానే నిలుస్తుంది. బయటి అంచు నుంచి 3 మి.మీ. లోపలికి ఉండేలా నొక్కండి. బయటికి ఉబ్బి కనిపించే ఫోమ్ కంటే ఖాళీ సందే నయం.

సిలికాన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా: కనిపించే చోట వద్దు. దుమ్ము పట్టి నల్లబడుతుంది, దాని మీద పెయింటు నిలవదు, గీకేసినా పలచటి పొర మిగిలి తర్వాత ఏ రంగు వేసినా గుంటలు పడతాయి. లోపలెక్కడైనా తప్పదనుకుంటే వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా న్యూట్రల్ రకం తీసుకోండి. ఆ వాసన ఆమ్లానిది, లోహాన్ని తినేస్తుంది. ఏబీఎస్ ప్యానెల్‌లో చిన్న పగులు, అనవసరపు బెజ్జం శాశ్వతంగా పోవాలంటే అదే ప్లాస్టిక్ తురుమును అసిటోన్‌లో నానబెట్టి చేసిన ముద్ద మంచిది. పలచగా పొరలు పొరలుగా వేస్తూ, ఒక్కో పొర పూర్తిగా ఆరనివ్వాలి. కిటికీలు తీసి, మంటకి దూరంగా చేయాలి.

బుష్‌లు, వైర్లు, రంగు

బరువు మోసే బోల్టు కింద రబ్బరు, ప్లాస్టిక్ వాషరు పెట్టకండి. క్రాష్ గార్డు బోల్టులు తరచూ ఇంజిన్‌ని పట్టుకునే బోల్టులే. మెత్తని వస్తువు నలిగిందంటే బిగింపు పోతుంది. బుష్ మెరుస్తూ కనిపించడమే బాధ అయితే దాని మీద నల్ల హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చేయండి, బోల్టు తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టండి. బుష్ మొహాలకి, అంటే బోల్టు ఒత్తిడి పడే రెండు చివరలకి, ట్యూబు గానీ పెయింటు గానీ రాకూడదు.

ఫాగ్ లైట్ల వైర్లకి మామూలు పీవీసీ టేపు చుడితే వేడికి జిగురు కారి చేతికంటుతుంది. బట్ట టేపు వాడండి. ప్యానెల్‌లోంచి పోయే చోట గ్రోమెట్ (ఇక్కడ మధ్యలో రంధ్రమున్న రబ్బరు రింగు) తప్పనిసరి. లేదంటే పదునైన అంచుకి వైరు తొడుగు కోసుకుపోయి షార్ట్ అవుతుంది. లోపలికి దూరే ముందు వైరు కొంచెం కిందికి వేలాడేలా వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. టైలు నల్లవే తీసుకోండి, తెల్లవి ఎండకి త్వరగా పెళుసుబారుతాయి. మిగిలిన తోకను కటింగ్ ప్లయర్‌తో తలకి ఆనించి కోయకపోతే తర్వాత చేతులు గీరుకుంటాయి.

రంగు విషయంలో నిగనిగలాడే నలుపు జోలికి వెళ్లకండి. బండి మీద ఉండే నల్ల ప్లాస్టిక్ సగం మెరుపుతో, కొంచెం గరుకుగా ఉంటుంది. ప్లేటును 400 పేపరుతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, సాటిన్ బ్లాక్ రెండు పలచని పొరలు వేయండి. రెండో పొర ఇంకా జిగురుగా ఉండగా ఎండు స్పాంజితో తేలిగ్గా అద్దితే ఆ గరుకుదనం వస్తుంది. ముందు పనికిరాని ముక్క మీద చేసి చూసుకోవాలి, అద్దే బలం చేతికి అలవాటు కావాలి.

బిగించాక చూడాల్సినవి

హ్యాండిల్ మళ్లీ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే తనంతట తాను మూసుకోవాలి, బ్రేకు, క్లచ్ లివర్లు దేనికీ తగలకూడదు. పై నుంచి పైపుతో నీళ్లు పోసి, నీళ్లు నిలిచిపోతున్నాయా, కారిపోతున్నాయా చూడండి. ఇంజిన్ నిలకడగా తిరుగుతుండగా ఒక్కో కవరు మీద వేలు ఆనించండి. ఎక్కడ వేలు పెడితే గలగల ఆగిపోతుందో అక్కడ ఫోమ్ చాల్లేదని అర్థం.

మొదటి దూరపు రైడ్ నుంచి వచ్చాక కవర్లన్నీ ఒకసారి విప్పండి. కవరు అంచు ప్యానెల్‌ని ఆనుకున్న చోట పెయింటు మసకబారి ఉంటే, మధ్యలో చేరిన దుమ్ము రాపిడికి పెయింటును అరగదీస్తోందన్నమాట. అక్కడ పారదర్శకమైన ప్రొటెక్షన్ ఫిల్ము అంటించి మళ్లీ బిగించండి. విప్పిన పాత బోల్టులు, గ్రాబ్ రెయిల్, కోసేసిన ప్యానెల్ ముక్క, అట్ట నమూనా అన్నీ ఒకే సంచిలో వేసి, ఏ బోల్టు ఎక్కడిదో పైన రాసి దాచండి. కవరు ఎప్పుడైనా పగిలితే ఆ అట్టతో ఇంకోటి గంటలో కోసుకోవచ్చు.